మొదటి అక్షరం ఎవరిది

నేను గంగయ్యను చేసుకున్నది అతని నోరు చూసి. ఆస్తి చూసి కాదు. మద్రాసు డిపోలో ఓడ కోసం కాచుకున్న మనుషులకు ఆస్తేముంటుంది, ఒక పళ్ళెం, ఒక గొంగళి. అందం చూసి అంతకన్నా కాదు. అన్నం కోసం వరసలో నిలబడి ఉండగా ముందెవరో సాంబారు నీళ్ళలా ఉందని గొణిగితే, ఇతను అక్కడికక్కడే ఆ సాంబారు మీద పాట కట్టాడు. పప్పు గింజను వెతుక్కుంటూ ఈతకు దిగిన గరిటె మళ్ళీ ఒడ్డుకు రాలేదని. వరసంతా నవ్వింది. కర్ర పట్టుకు తిరిగే బంట్రోతు కూడా నవ్వి, నవ్వినందుకు సిగ్గుపడి అటు తిరిగాడు. రాజమండ్రి దగ్గర్నుంచి ఒంటరిగా వచ్చినదాన్ని, నవ్వి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. ఈ నోరు పక్కనుంటే ఐదేళ్ళ కూలి ఒప్పందం ఎలాగో గడిచిపోతుందనుకున్నాను. ఆ ఒప్పందాన్నే అందరూ గిర్మిట్ అనేవాళ్ళు. మర్నాడు గుమస్తా అడిగితే మొగుడూ పెళ్ళాలమని రాయించుకున్నాం.

తీరా ఫిజీ చేరి, లంబాసా దగ్గర వాయిలేవు చెరుకు తోటల్లో కూలీలకు వరసగా గదులు కట్టిన లైన్లో ఒక గది దొరికి, కాపురం పెట్టాక చూసుకుంటే నాకు దక్కింది నోరు మూసుకున్న మొగుడు. పాట నాలిక చివరిదాకా వస్తుంది. పెదవులు కదులుతాయి. కాలు తాళం వేస్తుంది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయి, తల గోక్కుని, గడ్డపార తీసుకుని వెళ్ళిపోతాడు. ఇది ఒకసారి చూస్తే జాలేస్తుంది. రోజూ చూస్తే ఒళ్ళు మండుతుంది.

సంగతేమిటో మొదటి ఏడాదిలోనే చెప్పాడు. చిన్నప్పుడు విశాఖపట్నం వైపు వాళ్ళ ఊళ్ళో కరణం గారి గేదెలు కాసేవాడట. వీధిబడి గోడ నీడలో కూర్చుని లోపల పంతులు చెప్పేది వినేవాడు. లోపలికి రానిచ్చే కులం కాదు. ఒకరోజు పంతులు పిల్లలకు పద్యం కట్టే పద్ధతి చెబుతున్నాడు. పద్యానికి గాని పాటకు గాని మొదట పెట్టకూడని అక్షరాలు కొన్ని ఉన్నాయి, వాటితో ఎత్తుకుంటే ఎత్తుకున్నవాడికి చేటు, వాడి సంతానానికి చేటు, ఆ అక్షరాలేవంటే, అనేసరికి గేదె మిరపచేలో పడింది. గంగయ్య పరిగెత్తాడు. గేదెను తోలుకొచ్చేసరికి లోపల ఎక్కాలు నడుస్తున్నాయి. మళ్ళీ చెప్పమని పంతుల్ని అడిగే ధైర్యం గేదెలు కాసేవాడికి ఎక్కడిది?

ఆ అక్షరాలేవో అతనికి ఇప్పటికీ తెలియదు. తెలిస్తే వాటిని పక్కన పెట్టి తక్కినవాటితో కట్టుకునేవాడు. తెలియదు కాబట్టి అన్నిటి మీదా అనుమానమే. పోనీ చదువుకున్న మనిషా అంటే, ఒక్క అక్షరం రాయడం రాదు. రాయడం రానివాడికి అక్షరాల భయమేమిటని మొదట్లో నేను కడుపుబ్బ నవ్వాను. నవ్వి అతని లెక్కేమిటో అడిగాను. చెప్పాడు. ఊళ్ళో జాతరకు అందరిలాగే 'శ్రీ' అని ఎత్తుకుని ఒక పాట కట్టాడు, మర్నాడే కూలీలను పోగుచేసే మేస్త్రీ ఎదురయ్యాడు. కాబట్టి 'శ్రీ' పనికిరాదు. ఓడలో 'ప'తో మొదలుపెట్టి పడవ పాట కట్టాడు, ఆ రాత్రే తుఫాను. 'ప' పోయింది. ఇక్కడికొచ్చాక తెల్లదొర మీద, అంటే పని చూసే కులంబర్ మీద, 'క'తో ఒకటి కట్టాడు, అది కూలీల మీద పెత్తనం చేసే సర్దారు చెవిన పడి మర్నాడు ఇతను తవ్వాల్సిన గట్టు పొడుగైంది. 'క' కూడా పోయింది. ఇలా ఏ కీడు జరిగినా దాని ముందు ఏం పాడాడో వెతుక్కుని ఆ అక్షరాన్ని తీసి పారేస్తున్నాడు. సరే, మరి సాంబారు పాట 'సా'తో మొదలైంది కదా, దాని వల్ల ఏ కీడు జరిగిందని అడిగాను. తల గోక్కుని కట్టెలు కొట్టడానికి పోయాడు.

ఇంత పిచ్చి ఉన్నా మొదటి రెండేళ్ళు అప్పుడప్పుడైనా నోరు విప్పేవాడు. ఆ తర్వాత మాకు పుట్టిన పిల్ల, చిట్టి, ఎనిమిదో నెలలో పోయింది. అప్పటి నుంచి పాట అన్నమాటే లేదు. బాధ ఉండదా, ఉంటుంది, నాకూ ఉంది, కానీ నేను వంట మానలేదు, గడ్డి తవ్వడం మానలేదు. ఇతను మాత్రం పాట ఒక్కటే మానేసి తక్కినవన్నీ చేసుకుపోతున్నాడు. ఆదివారాలు పక్క కోరోలో, అంటే ఫిజీ వాళ్ళ ఊళ్ళో, చాప మీద కూర్చుని వాళ్ళ వేరు రసం యంగోనా చిప్ప మీద చిప్ప తాగి, నాలిక మొద్దుబారిపోయి వచ్చేవాడు. పాడని నాలిక మొద్దుబారితేనేం, బాగుంటేనేం అని నేను లైనంతా వినేలా అనేదాన్ని. మా గదుల మధ్య అడ్డగోడలు కప్పుదాకా ఉండవు. ఒక గదిలో దగ్గితే నాలుగు గదులు వింటాయి.

ఇలా ఉండగా మళ్ళీ ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున ఉయ్యాలలో వెయ్యాలి. అది పనిరోజు పడింది కాబట్టి ఆ తర్వాత వచ్చే ఆదివారానికి పెట్టుకున్నాం. మా లైన్లో తెలుగువాళ్ళలో పెద్ద మునియ్య, నెల్లూరు వైపు మనిషి. కొబ్బరికాయ కొట్టి పేరు పెట్టే పని ఆయనది. పక్క గది బసంతి ఢోలక్ తెస్తానంది. ఆమెది గంగ ఒడ్డున ఎక్కడో ఊరు. లైన్లో ఎవరికి పురుడొచ్చినా వాళ్ళ ఆడవాళ్ళంతా వచ్చి హిందుస్తానీలో సోహర్ పాటలు పాడి పోతారు. మంచి మనుషులు. చిట్టి పోయినప్పుడు నా తల తన ఒళ్ళో పెట్టుకున్నది బసంతే. పాడితే పాడనీ, నాకేం అభ్యంతరం లేదు. కానీ పిల్లను ఉయ్యాలలో వేసిన వెంటనే దాని చెవిన పడే మొదటి పాట తెలుగులో ఉండాలని, అది వాళ్ళ నాన్నే కట్టాలని నేను పట్టుబట్టాను.

ఎందుకంత పట్టుదల అంటే చెబుతాను. నేను పురుటి నుంచి లేచి పనిలోకి పోగానే ఈ పిల్ల పొద్దస్తమానం లైన్లో పిల్లల్ని చూడ్డానికి ఈమధ్యే పెట్టిన ముసలమ్మ దగ్గరుంటుంది. ఆమె మాట హిందుస్తానీ, తోటి పిల్లల మాట హిందుస్తానీ, సర్దారు తిట్టు హిందుస్తానీ. దానికి తెలుగు అంటే సాయంకాలం అలిసిపోయి వచ్చిన నా విసుగు ఒక్కటే అవుతుంది. అమ్మా నాన్నా మాట విసుక్కోవడానికే పుట్టిందనుకుంటుంది. నేనే పాడొచ్చు కదా అంటారేమో. నా గొంతు రేకు డబ్బాను రాళ్ళ మీద ఈడ్చినట్టుంటుందని లైనంతటికీ తెలుసు. పైగా మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది, ఒక్క జోలపాటైనా నాకు పూర్తిగా రాదు. పాట కట్టగలిగినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని పిల్లను మూగగా పడుకోబెట్టడం నా వల్ల కాలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ డిపోలో నేను చేసుకున్న మనిషి ఇంకా ఉన్నాడో పోయాడో నాకు తేలాలి.

పురిట్లో ఉండగానే మొదలుపెట్టాను. మంచిగా అడిగాను. చూద్దామన్నాడు. రోజుకు ఒక్క ముక్క కట్టు చాలు, ఆదివారానికి అదే పాటవుతుందన్నాను. ఒక్క ముక్కయినా మొదలుండాలి కదా అన్నాడు. చేపల పులుసు పెట్టి అడిగాను. పులుసు తిన్నాడు. మునియ్యను పంపాను. ఆయన ఇతన్ని గట్టు మీద కూర్చోబెట్టుకుని, ఓంకారంతో మొదలుపెట్టరా, దానికి దోషం ఉండదు అని చెప్పాడట. ఓంకారం మంత్రానికి గాని జోలపాటకు పెడితే పిల్ల సన్యాసుల్లో కలుస్తుందేమో అన్నాడట. మునియ్య నా దగ్గరికొచ్చి, అమ్మాయ్, వీడితో మాట్లాడితే నా తల ప్రాణం తోకకొచ్చింది అన్నాడు. నేను రోజూ పడుతున్నది అదే అని చెప్పాను.

శనివారం నాటికి నాకు ఓపిక అయిపోయింది. మాటలు మానేశాను. అన్నం పళ్ళెం చప్పుడయ్యేలా పెట్టాను, చప్పుడయ్యేలా తీశాను. అతను తలొంచుకుని తిన్నాడు. తలొంచుకున్న మనిషిని తిట్టడం కూడా కష్టమే, తిట్టు వీపు మీంచి జారిపోతుంది.

ఆదివారం పొద్దున్నే ఉయ్యాలకు కట్టే పాత చీర తడిపి తేవడానికి ఏటికి వెళ్ళాను. పిల్లను బసంతి దగ్గర పెట్టాను. పచ్చి పురుటాలివి, బిందె మొయ్యకు అంటూ ఇతను వెనకే వచ్చాడు. బిందె మోస్తాడు, కట్టెలు కొడతాడు, చెప్పని పనులన్నీ చేస్తాడు. చీర రాతి మీద వేసి రెండు బాదులు బాదేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏంటయ్యా, సాయంత్రం ఏం పాడతావో ఇప్పుడు చెప్పు. లేదంటే లేదని చెప్పు, బసంతికి చెప్పేస్తా, వాళ్ళే పాడుకుంటారు."

అతను నీళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు. ఎప్పటిలా తల గోక్కుంటాడనుకున్నాను, గోక్కోలేదు.

"సిట్టికి నాను కట్టినాను గదే పాట."

"కట్టావు. అయితే?"

"అది ఎల్లిపోనాది."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక రాతి మీద కూలబడ్డాను. చిట్టికి పాట కట్టిన మాట నిజమే. 'చిట్టి తల్లీ' అని మొదలవుతుంది, పెద్ద పాటేం కాదు, కట్టినంతవరకు రోజూ పాడి, ఇంకా ఉంది ఇంకా ఉంది అనేవాడు. తక్కింది కట్టేలోపే పిల్ల పోయింది. అంటే ఈ మనిషి ఇన్నాళ్ళూ తన పాట మొదటి అక్షరం పిల్లను తినేసిందని కడుపులో పెట్టుకుని, నా పక్కనే పడుకుని, నా తిట్లన్నీ తింటూ, ఒక్క మాట చెప్పకుండా తిరుగుతున్నాడన్నమాట. మేస్త్రీ ఎదురవడం, తుఫాను, సర్దారు కక్ష, అవన్నీ వేళాకోళాలు. అసలు లెక్క ఇది. నాకు ఏడుపొచ్చింది, ఏడుపు కన్నా ముందు కోపమొచ్చింది. మనిషి చెప్పొద్దా? నోరు ఉన్నది దేనికి?

"నా పాలు ఎండిపోతే పోయింది," అన్నాను. "గట్టు మీద గోనెపట్టా కింద పడుకోబెట్టి నేను గడ్డి తవ్వుతుంటే ఎండకు పోయింది. జొరమొచ్చి పోయింది. ఈ లైన్లో ఎంతమంది పసిపిల్లలు పోలేదు? వాళ్ళందరికీ నువ్వే కట్టావా పాటలు?"

అతను చాలాసేపు ఆలోచించాడు. అదే అతనితో వచ్చిన చిక్కు, మనం కోపంలో అన్న మాటకు కూడా నిజంగా ఆలోచిస్తాడు.

"ఏమోనే. ఆ అచ్చరం ఏదో నాకు తెల్దు గదా."

అప్పుడు నేనొక తెలివితక్కువ పని చేశాను. వాదనకు దిగాను. అసలు నీ నోట 'చి' అన్నది పలికిందెప్పుడు, మీ వైపు వాళ్ళకు చింతచెట్టు సింతచెట్టు, చేప సేప, నువ్వు పాడింది 'సిట్టి తల్లీ' అని కదా అన్నాను. పంతులు వద్దన్న అక్షరం 'చ' అయితే నీ పాటలో అది లేనే లేదు, 'స' అయితే సాంబారు పాట దగ్గరే నీకు చేటు జరగాలి, ఈ రెంటిలో దేనికి కోపమొచ్చిందో చెప్పు అన్నాను. గెలిచాననుకున్నాను. అతని మొహం ఇంకా పాలిపోయింది. దోషం రాసే అక్షరానికా, నోట పలికేదానికా అని అడిగాడు. కాసేపటికి, ఎందుకొచ్చిన గొడవ, ఆ 'చ', ఈ 'స' రెండూ వద్దులే అన్నాడు. పోగొట్టుకోవడానికి అతనికి నేనే ఇంకో అక్షరం ఇచ్చినట్టయింది. తడిచీర పిండి అతని భుజం మీద పడేసి ముందు నడిచాను.

మధ్యాహ్నం దాటాక అందరూ వచ్చారు. లైను వసారాలో దూలానికి చీర కట్టాం. మునియ్య కొబ్బరికాయ కొట్టి, పసుపు రాసి, పిల్లకు కాంతి అని పేరు పెట్టాడు. బసంతి నోటికి కూడా తిరిగే పేరు కావాలని నేనే చెప్పాను. పిల్లను ఉయ్యాలలో వేశారు. పడుకోబెట్టగానే అది గుక్కపట్టింది. తెలుగు ఆడవాళ్ళు అరడజను మంది, బసంతి వాళ్ళు అంతకు రెట్టింపు, అందరూ నా మొహం చూస్తున్నారు, నేను గంగయ్య మొహం చూస్తున్నాను. అతను వసారా చివరి స్తంభం పక్కన నిలబడి చెక్క పేళ్ళు గోటితో గిల్లుతున్నాడు. ఎవరో గొంతు సవరించుకున్నారు. పిల్ల ఏడుపు హెచ్చింది. బసంతి నా వైపు జాలిగా చూసి, ఏం చెయ్యను అన్నట్టు ఢోలక్ మీద చెయ్యి పెట్టింది. ఆమె తప్పు లేదు, పిల్ల ఏడుస్తుంటే ఎవరైనా ఎంతసేపు ఊరుకుంటారు.

నేను ముందుగా అనుకున్నది కాదు. ఏటి నుంచి వచ్చినప్పటి కోపం నాలో ఇంకా అలాగే ఉంది, అది నోటికొచ్చింది. ఉయ్యాల తాడు పట్టుకుని ఆ రేకు డబ్బా గొంతుతో ఎత్తుకున్నాను. కావాలనే 'చి'తో ఎత్తుకున్నాను.

"చింతపండు వెయ్యని చారులాంటిదే మీ అయ్య నోరు, ఏడవకే ఏడవకే ఏడవకే."

ఎత్తుకున్నాక గాని నాకు తెలియలేదు, ఇన్నేళ్ళు ఆ మనిషి పక్కన బతికాను కదా, ఆ భయం నాకూ అంటుకుంది. చిట్టి మొహం కళ్ళ ముందుకొచ్చింది. అయినా ఆపలేదు. ఆడవాళ్ళు నవ్వాపుకోవడానికి కొంగులు నోట్లో కుక్కుకున్నారు. పాట కాదది, తిట్టు. మాటలు ఉయ్యాల ఊపులో ఇమడవు, ఉయ్యాల ఇటొస్తే మాట అటు పోతోంది. మళ్ళీ అదే పాడాను, ఈసారి ఇంకా అధ్వాన్నంగా వచ్చింది. మూడోసారి మొదలుపెట్టేసరికి స్తంభం దగ్గర్నుంచి గొంతు వినిపించింది.

"అలగ కాదే."

నేను వినిపించుకోనట్టు ఇంకా గట్టిగా, ఇంకా అడ్డదిడ్డంగా అందుకున్నాను. వంకర గట్టు చూస్తే సర్దారు ఎలా ఊరుకోలేడో, వంకర మాట వింటే ఇతను అలా ఊరుకోలేడు. అది నాకు డిపోలోనే తెలుసు. జనాన్ని తప్పించుకుంటూ వచ్చి నా చేతిలోంచి తాడు తీసుకున్నాడు. మొహం చిరాగ్గా పెట్టుకుని, పిల్లను కాదు, నన్ను చూస్తూ, నాకు పాఠం చెబుతున్నట్టు పాడాడు.

సింతపండు నేని సారు మీ అయ్య నోరు, జోజో
సిటికెడంత ఉప్పుకారం మీ అమ్మ పోరు, జోజో

తెలుగు ఆడవాళ్ళు గొల్లుమన్నారు. బసంతికి మాట తెలియకపోయినా ఊపు తెలిసింది, ఢోలక్ మీద రెండు వేళ్ళతో అందుకుంది. నన్ను దిద్దడం అయిపోయింది కాబట్టి ఆపేస్తాడేమో అనుకున్నాను. ఆపలేదు. రెండో ఊపులో చూపు నా మీంచి పిల్ల మీదికి మళ్ళింది. చిరాకు ఎప్పుడు పోయిందో అతనికి తెలియదు.

సెరుకు తోట సేదుగున్నా సెరుకు తీపే, జోజో
సెమట తడిసిన కొంగు కిందే పాలు సేపే, జోజో

ప్రతి ముక్కా ఆ అక్షరంతోనే వస్తోంది. అతను గమనించాడో లేదో తెలియదు గాని నేను గమనిస్తూనే ఉన్నాను. పిల్ల ఏడుపు మాని, నోరు తెరుచుకుని, పైనున్న దూలాన్ని చూస్తోంది. అతను కాసేపు ఉత్తినే ఊపాడు. అయిపోయిందనుకుని మునియ్య లేవబోయాడు. అప్పుడు గొంతు తగ్గించి ఇంకొకటి పాడాడు.

సిట్టి అక్క సెరుకు గట్టున తొంగున్నాది, జోజో
సగం పాట నీకు దాసి ఉంచినాది, జోజో

నేను అక్కడ నిలబడలేకపోయాను. గదిలోకి పోయి బియ్యం డబ్బా పక్కన కూర్చుని ఏడ్చాను. బయట వాళ్ళు పాడుతూనే ఉన్నారు, తర్వాత బసంతి వాళ్ళు సోహర్ అందుకున్నారు, ఎవరో బెల్లం పంచారు. చిట్టి పోయిన తర్వాత దాని పేరు అతని నోట రావడం నేను విన్నది ఆ రోజే, పొద్దున ఏటి దగ్గర ఒకసారి, ఇప్పుడొకసారి.

అందరూ వెళ్ళాక గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. పాట బాగుందా అని అడుగుతాడేమో, బాగుందని చెప్పకూడదనుకున్నాను. అతను అడిగింది అది కాదు.

"తెలిసి తెలిసి ఆ అచ్చరమే ఎందుకెత్తుకున్నావే?"

"మొదటి అక్షరం నాది," అన్నాను. "చేటేదైనా ఉంటే ఎత్తుకున్నదానికి తగలనీ. తక్కిన పాటంతా నీది, దానికి ఏ దోషమూ లేదు. మీ పంతులు చెప్పిందే కదా, మొదలుపెట్టినవాళ్ళకే అని."

అతను గుమ్మంలోనే కూర్చున్నాడు. ఈ ఉపాయం అతనికెప్పుడూ తట్టలేదు. సంతానం మాట ఇద్దరం ఎత్తలేదు. వాదించి గెలవలేని మనిషిని ఇలా పక్కదారిన దాటించవచ్చని నాకూ అప్పటిదాకా తట్టలేదు.

దాంతో నా బాధ తీరిందనుకుంటే పొరపాటు, కొత్త బాధ మొదలైంది. ఆ మర్నాటి నుంచి అతను పాటలు కడుతూనే ఉన్నాడు, కానీ మొదటి మాట ఎవరో ఒకరు ఇవ్వాలి. గడ్డి తవ్వేచోట పక్కవాణ్ణి అడుగుతాడు. వాడు విసుక్కుని ముల్లు అంటే ముల్లుతో కడతాడు. బసంతి రోటీ అంటే రోటీతో కడతాడు. మునియ్య ఒకసారి తిట్టాడు, ఆ తిట్టుతోనే కట్టాడు. పొయ్యి మీద అన్నం మాడిపోతుంటే వెనకనుంచి వచ్చి, ఒక మాట ఇయ్యే, ఒక్క మాట అని జోరీగలా వేధించేవాడు. పాటలు బాగుండేవి, లైను దాటి చక్కెర మిల్లు దాకా వెళ్ళేవి. కానీ ఊరందరి దగ్గరా చెయ్యి చాచి మొదటి మాట అడుక్కునే పాటగాణ్ణి ఎక్కడైనా చూశారా? నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. నీ నోట్లోంచి ఒక్క మాట నువ్వు తీసుకోలేవా అంటే, తీసుకోగలను గానీ ఎందుకులే అనేవాడు.

ఇక కాంతి జోలపాట రోజూ నేనే ఎత్తుకోవాలి. నేను 'చింతపండు' అంటే గాని అతను అందుకోడు. పనినుంచి నడుం విరిగి వచ్చినా సరే, నేను ఆ ఒక్క మాటా అనాలి. పిల్లకు దగ్గొచ్చినా, విరేచనమైనా, నుదురు వెచ్చగా తగిలినా, నేనే కదా ఎత్తుకున్నాను అనుకునేదాన్ని. ఎనిమిదో నెల వచ్చింది. ఆ నెలంతా అతనూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా తిరిగాం. ఆ నెల్లోనే ఒక సాయంత్రం పాట ఎత్తుకోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, ఆ మొదటి మాట నాకిచ్చీ, నీ నెత్తిన ఎందుకు అన్నాడు. ఇవ్వనన్నాను. పిల్ల నడిచాక ఇస్తానన్నాను. అతనికి మీదపడితే మళ్ళీ నోరు మూసుకుంటాడు, నాకు మీదపడితే నేను మహా అయితే చస్తాను, అదీ నా లెక్క.

కాంతి ఆలస్యంగా నడిచింది. ఒక ఆదివారం లైను వసారాలో బసంతి చీర కుచ్చెళ్ళు వదిలేసి, మధ్యలో ఎవరినీ పట్టుకోకుండా, నేను బియ్యం ఏరుతున్న చేట దాకా వచ్చి చేటలోనే పడింది. బియ్యమంతా నేల పాలైంది. నేను తిట్టడానికి నోరు తెరిచేసరికి గంగయ్య కట్టెల మోపు అక్కడే దించేసి నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. చెమట కారుతోంది, మొహం తుడుచుకోలేదు.

"ఇప్పుడియ్యే."

తీసుకో అన్నాను. ఆ సాయంత్రం నేను ఉయ్యాల దగ్గరికి పోలేదు. నేల మీద పడ్డ బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను. పాట మొదటి మాట నుంచీ అతనే పాడాడు.